మూరెడు పైపు
హన్మకొండలో నా పాత డీజిల్ ఫోర్ వీల్ జీపు బానెట్ ఎత్తని మెకానిక్ లేడు. పొద్దున స్టార్ట్ కాదు, ఒకసారి అయిందంటే సాయంత్రం దాకా బంగారం. ఒకాయన బ్యాటరీ మార్చాడు. ఇంకొకాయన ఇంజన్‌ను వేడి చేసే హీటర్ ప్లగ్గులు పోయాయన్నాడు. మూడో ఆయన దూరం నుంచే "డీజిల్ పంపు దింపాలె సార్" అన్నాడు. కలలో కనబడిందా?

డీజిల్ లైన్‌లో గాలి పడుతుందేమో చూడన్నా అంటే, "చుక్క కూడా కారట్లేదు కదా" అంట! ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను పీల్చే లైన్ అది. చీలితే గాలి లోపలికి పోతుంది, డీజిల్ బయటికెందుకొస్తుంది?

చివరికి నేనే ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టా. బుసబుసా నురగ, అంటే లైన్‌లో గాలే. క్లిప్పు కింద రబ్బరు పైపుకు వెంట్రుకంత చీలిక! దీనికోసమా రెండు నెలలు ములుగు రోడ్డు మీద జనంతో బండి తోయించుకున్నది? నా పాత బ్యాటరీ కూడా ఇయ్యలేదు.