మదర్ థెరిసా కావాలనే మార్ఫిన్ ఇవ్వలేదా?

సెప్టెంబరు 5 వస్తే ఫోన్లలో ఉపాధ్యాయ దినోత్సవ శుభాకాంక్షలతో పాటు ఇంకో సందేశమూ తిరుగుతుంది. 1997లో మదర్ థెరిసా మరణించింది ఆ తేదీనే. సందేశం సారం ఇది: కోల్‌కతా కాళీఘాట్‌లోని తన ఆస్పత్రిలో ఆమె రోగులకు నొప్పి మందులు కావాలనే ఇవ్వలేదు, బాధపడితేనే దేవుడికి దగ్గరవుతారని నమ్మి హింసించారు, చనిపోతున్నవాళ్ల మతం మార్చారు, తాను మాత్రం ఖరీదైన వైద్యం చేయించుకున్నారు, నియంతల డబ్బు తీసుకున్నారు. ఇందులో నిజమూ ఉంది. ఆ నిజం చాటున అబద్ధం కూడా చెల్లుబాటైపోతోంది. అదే నా అభ్యంతరం.

ముందు ‘ఆస్పత్రి’ సంగతి. సందేశం చెప్పే ఆ చోటు పేరు నిర్మల్ హృదయ్. అది ఏనాడూ ఆస్పత్రి కాదు. కాళికాలయం పక్కన యాత్రికుల కోసం కట్టిన సత్రాన్ని కలకత్తా కార్పొరేషన్ ఇస్తే 1952లో అక్కడ మొదలైన ఆశ్రయం అది. ఏ ఆస్పత్రీ చేర్చుకోక కాలిబాటల మీద పడి ఉన్నవాళ్లను తెచ్చి, ఒళ్లు కడిగి, పుండ్లకు కట్టు కట్టి, ఇంత తిండి పెట్టి, మంచం మీద పడుకోబెట్టే చోటు. అవసాన దశలో ఉన్నవాళ్ల కోసమే తెరిచిన చోట మరణాలు ఎక్కువని నేరం మోపడం ఏం తర్కమో నాకు అర్థం కాదు.

ఇక మార్ఫిన్, అంటే నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు. ఈ ఆరోపణకు ఆధారంగా ఎక్కువగా చూపేది 1994లో లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ రాసిన వ్యాసాన్ని. ఆయన కాళీఘాట్ వెళ్లి చూసి రాశారు. అక్కడి మందుల్లో బలమైన నొప్పి నివారిణులు లేవన్నారు, రోగ నిర్ధారణ అరకొరగా ఉందన్నారు. అదే వ్యాసంలో శుభ్రతను, పుండ్లకు చేస్తున్న సేవను, అక్కడి ఆదరణను మెచ్చుకున్నారు కూడా. రోగులను బాధపెట్టాలనే మందులు ఆపేశారని మాత్రం ఆయన రాయలేదు. సందేశం అతికించిన ఉద్దేశం అది.

కొద్ది వారాల్లోనే అదే పత్రికకు నొప్పి నివారణ రంగంలో పనిచేసేవాళ్లు జవాబు రాశారు. భారతదేశంలో ఆ మందులే దొరకవని, చట్టాలు మరీ కఠినమని, వైద్యులకు శిక్షణే లేదని గుర్తుచేశారు. ఈ ఉత్తరం సందేశాల్లో ఎక్కడా కనిపించదు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక మార్ఫిన్ కొనాలన్నా, రవాణా చేయాలన్నా, దగ్గర ఉంచుకోవాలన్నా వేర్వేరు లైసెన్సులు కావలసి వచ్చింది. లెక్కలో తేడా వస్తే జైలు. పెద్ద పెద్ద ఆస్పత్రులే మనకెందుకీ తలనొప్పి అని నిల్వ మానేశాయి. 1997 నాటికి దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ దాదాపు 97 శాతం తగ్గిపోయింది. చట్టాన్ని సడలించింది 2014లో. పెద్ద ఆస్పత్రులకే దొరకని మందు సత్రంలో లేదేమని ఒక్కరినే నిలదీస్తున్నాం. హాస్పిస్‌లతో (అవసాన దశ రోగుల నొప్పి తగ్గిస్తూ చూసుకునే కేంద్రాలతో) పోలిక తెచ్చేవాళ్లకు ఇంకో మాట: ఆధునిక హాస్పిస్‌లకు మూలమైన లండన్ సెయింట్ క్రిస్టఫర్స్ ప్రారంభమైంది 1967లో. మన దేశంలో మొదటిది, ముంబయిలోని శాంతి ఆవేదనా సదన్, 1986లో.

అయితే చట్టం రక్తపరీక్షను ఆపలేదు కదా! జ్వరంతో ఉన్న ఒక యువకుడికి పారాసెటమాల్, యాంటీబయాటిక్ ఇస్తూ వచ్చారని, తర్వాత వచ్చిన వైద్యుడు మలేరియా అయి ఉంటుందని మందు మార్చారని ఫాక్స్ రాశారు. సూదులను చన్నీళ్లతో కడిగి మళ్లీ వాడారని అక్కడ పనిచేసిన స్వచ్ఛంద సేవకులు చెప్పారు. 1979లో నోబెల్ బహుమతి అందుకున్న ఆమె నడిపిన, ప్రపంచమంతటి నుంచి విరాళాలు పొందుతున్న మిషనరీస్ ఆఫ్ చారిటీ సంస్థకు వీటిలో దేనికీ సాకు లేదు. బాధను క్రీస్తు పడిన యాతనలో పాలుపంచుకోవడంగా ఆమె చూసిన మాటా నిజం. ఆ ఆధ్యాత్మికతే వైద్యం మీద అశ్రద్ధకు కారణమైందని ఎవరైనా వాదిస్తే వింటాను. అశ్రద్ధ వేరు, హింస వేరు.

మతం విషయంలో ఆమెను పూర్తిగా వెనకేసుకురాలేను. మరణశయ్య మీది బాప్తిస్మాన్ని ‘సెయింట్ పీటర్ దగ్గరికి టికెట్’ అని, అంటే స్వర్గ ద్వారపాలకుడి దగ్గరికి ప్రవేశపత్రమని, ఆమే ఒక ప్రసంగంలో అన్నారు. స్పృహ ఉందో లేదో తెలియని మనిషి అంగీకారానికి విలువెంత? ఇది గట్టి ప్రశ్నే. కానీ హిందువులకు గంగాజలం పోసేవారని, ముస్లింలకు ఖురాన్ చదివి వినిపించేవారని నమోదైన సంగతి సందేశంలో లేదు.

ఆమె ఖరీదైన వైద్యమంటారా, అదీ సగమే. 1991లో మెక్సికోలో ఉండగా జబ్బుపడితే కాలిఫోర్నియాలో చికిత్స చేశారు. 1996లో చేరింది కోల్‌కతా ఆస్పత్రిలోనే, ప్రాణం పోయింది తన సంస్థ ప్రధాన నివాసమైన మదర్ హౌస్‌లో.

డబ్బు ఆరోపణ మాత్రం నిలుస్తుంది. అమెరికాలో పొదుపుదారులను ముంచిన చార్లెస్ కీటింగ్ ఇచ్చిన పన్నెండున్నర లక్షల డాలర్లను తిరిగి ఇవ్వమని అక్కడి ప్రాసిక్యూటర్ ఒకరు రాస్తే జవాబు రాలేదు. హైతీ నియంత డువాలియే కుటుంబాన్ని పొగడటమూ జరిగింది. ఈ మధ్య దీనికి తోక ఒకటి చేర్చారు: 2021లో కేంద్రం సంస్థ ఖాతాలు స్తంభింపజేసిందని, అదే రుజువని. ఖాతాలు తాము స్తంభింపజేయలేదని హోంశాఖే ప్రకటించింది. ఆగింది విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ. అది కూడా రెండు వారాల్లోనే, 2022 జనవరిలో, తిరిగి ఇచ్చేశారు.