స్టిక్కరు మాత్రం అసలుదే

నకిలీ సరుకుల బెడద నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దాదాపు తీరిపోయింది. ఇంకా తీరలేదని ఎవరికైనా అనిపిస్తే వాళ్లు స్టిక్కరు సరిగ్గా చూడలేదని అర్థం. పురుగుమందు డబ్బా కొన్నా, మాత్రలు కొన్నా, మద్యం సీసా కొన్నా ఇప్పుడు పైన కాపలా ఉంటోంది. కొన్నిటి మీదైతే ఇద్దరేసి కాపలాదారులు. ఒకటి, అటూ ఇటూ ఊపితే రంగులు మారే వెండి బిళ్ల, అదే హోలోగ్రామ్. రెండోది, సెల్‌ఫోను చూపిస్తే తన జాతకం చెప్పే నల్లగళ్ల బొమ్మ, అదే క్యూఆర్ కోడ్. వెండి బిళ్ల ఒక్కదానికే దొంగలు హడలిపోయారని అప్పట్లో చెప్పిన పెద్దలే ఇప్పుడు గళ్ల బొమ్మను కూడా తెచ్చారు. హడలిపోయినవాళ్ల కోసం మళ్లీ రెండోది ఎందుకని అడగడం సంస్కారం కాదు.

వీటి పుట్టుపూర్వోత్తరాలు సామాన్యమైనవి కావు. హోలోగ్రామ్ సూత్రాన్ని డెన్నిస్ గాబర్ అనే శాస్త్రవేత్త 1947లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును మెరుగుపరిచే పనిలో ఉండగా కనిపెట్టాడు. దానికి 1971లో నోబెల్ వచ్చింది. 1980ల్లో అది క్రెడిట్ కార్డుల మీదికెక్కింది. క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో, డెన్సో వేవ్ అనే కంపెనీలో, కార్ల విడిభాగాల లెక్క చూసుకోవడానికి పుట్టింది. ఒకరు కంటికి కనిపించనిది చూడాలనుకున్నారు, ఇంకొకరు కారు సామాన్లు లెక్కపెట్టుకోవాలనుకున్నారు. ఇద్దరి శ్రమా చివరికి పొదిలి పక్క మిరపతోటలో వచ్చి ఫలించింది.

రెంటినీ కలపడంలో తర్కం ఉంది, అది మాత్రం వెక్కిరించాల్సింది కాదు. గళ్ల బొమ్మకు చదువుంది గాని శీలం లేదు. దాన్ని జిరాక్సు తీసి ఎక్కడ అంటించినా అదే మాట చెబుతుంది. హోలోగ్రామ్‌కు శీలముంది గాని చదువు లేదు. జిరాక్సుకు లొంగదు, కానీ లక్ష డబ్బాల మీదా అదే బొమ్మ. తాను ఏ డబ్బాదో తనకే తెలియదు. అందుకని ఇద్దరికీ పెళ్లి చేశారు. ప్రతి డబ్బాకూ ఒక విడి నంబరు, ఆ నంబరు దాచుకున్న గళ్లు, వాటి పక్కనో అడుగునో మెరిసే రేకు, పీకబోతే ముక్కలైపోయేలా జిగురు. గళ్లను కాపీ కొడితే రేకు రాదు. రేకును ఎలాగో చేయించినా నంబర్లు కుదరవు.

కాపురంలో మొదటి గొడవ మెరుపు దగ్గరే వచ్చింది. రేకు ఎంత మెరిస్తే ఫోను కెమెరాకు అంత కళ్లు తిరుగుతాయి. తెలిసినవాళ్లు గళ్లను మెరవని తెల్లటి గడిలో అచ్చేస్తారు. తెలియనివాళ్లు, ఖరీదు పెట్టిన రేకు కదా, ఒక్క అంగుళం కూడా వృథా పోకూడదని దాని మీదే అచ్చేస్తారు. దాన్ని ప్రకాశం జిల్లా ఎండలో స్కాన్ చెయ్యాలి. ఆ పని పురుగుమందుల కొట్టు ముందు ఓ పెద్దాయనకూ కొట్టు అబ్బాయికీ మధ్య ఇలా సాగుతుంది.

"ఏంది అబ్బయా, ఏం రావట్లేదే?"

"నీడకు తిప్పు మామా. అట్టా కాదు, ఇట్టా. ఊపమాక."

"ఊపితేనే గదా రంగులు మారతయ్యని మొన్న నువ్వే అన్నావు?"

"రంగులకి ఊపాల. గళ్లకి ఊపకూడదు."

ఈ సూత్రాన్ని రైతు సేవా కేంద్రాల గోడల మీద పెద్దక్షరాలతో రాయించాలని నా మొదటి సిఫార్సు. ఇంతలో ఫోనులో ఏదో తెరుచుకుంటుంది. అంతా ఇంగ్లీషు, మధ్యలో ఆకుపచ్చ టిక్కు.

"ఏమంటుంది?"

"ఒరిజినలే అంటుంది మామా."

"మందా, డబ్బానా?"

కొట్టు అబ్బాయి జవాబుగా బిల్లు పుస్తకం తీశాడు.

ఆ పెద్దాయన ప్రశ్నలో ఒక పాతకాలపు పట్టుదల ఉంది. లోపల ఏముందో తెలుసుకోవాలన్న యావ. 1968 నాటి పురుగుమందుల చట్టం కూడా అలాంటి చాదస్తంతోనే రాశారు. ఇన్‌స్పెక్టరు కొట్టుకు రావాలట, శాంపిల్ తియ్యాలట, ల్యాబుకు పంపాలట, అక్కడ లోపలి ద్రవంలో చెప్పిన మందు చెప్పినంత ఉందో లేదో చూడాలట. ఎంత శ్రమ! పైగా ఒకరి డబ్బాలోకి తొంగిచూడడం మర్యాదేనా? కొత్త పద్ధతిలో అలాంటి మొరటుతనం లేదు. పైకి చూస్తే చాలు. చూసే పని కూడా కొనేవాడిదే. సెల్‌ఫోను ఉన్న ప్రతి రైతూ ఇప్పుడు జీతం, టీఏ లేని ఇన్‌స్పెక్టరు. నెట్ ఖర్చు కూడా ఆయనే పెట్టుకుంటాడు. ఇంత చవగ్గా ఇంతమందిని ఉద్యోగంలోకి తీసుకున్న పథకం ఇంకొకటి లేదు.

మందు పనిచెయ్యకపోతే? అక్కడికే వస్తున్నా. మిరపలో నల్లతామర పురుగు 2021-22లో ఎంత పని చేసిందో ఎవరికీ మళ్లీ చెప్పక్కర్లేదు. రైతులు దొరికిన మందల్లా కొట్టారు. ఆ పురుగు పూలల్లో దూరి కూర్చుంటుంది, దానికి స్కానింగ్ రాదు. కాబట్టి అసలు స్టిక్కరు ఉన్న మందుకూ లేని మందుకూ తేడా దానికి తెలియకపోతే తప్పు పురుగుది. రైతు కొట్టుకొచ్చి గొడవ పెట్టుకుంటే కొట్టు అబ్బాయి డబ్బా చూస్తాడు, స్కాన్ చేస్తాడు, ఆకుపచ్చ టిక్కు వస్తుంది. స్టిక్కరు అసలుదే. కేసు కొట్టేసినట్టే.

చాలా స్టిక్కర్లు డబ్బా పొట్ట మీద అంటించి ఉంటాయి. మూతకూ డబ్బాకూ కలిపి, అడ్డంగా అంటిస్తే మూత తిప్పగానే చిరుగుతుంది. పొట్ట మీద అంటిస్తే మూత ఎన్నిసార్లు తీసినా, లోపలిది పారబోసి ఇంకోటి పోసినా, దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఖాళీ డబ్బాలు కొనే మనిషి ఎవరైనా స్టిక్కరు చెక్కుచెదరని డబ్బాకు ఓ రెండు రూపాయలు ఎక్కువిస్తే అనుమానించకండి. కళాభిరుచి ఉన్నవాడు అనుకోవాలి.

నంబరు కాపీ కొడితే పట్టుకునే ఉపాయం నిజంగానే ఉంది. ఒకే నంబరును ఒకే గంటలో మార్కాపురంలోనూ నాసిక్‌లోనూ స్కాన్ చేస్తే కంపెనీ సర్వరుకు సంగతి తెలుస్తుంది, ఒక డబ్బా రెండు చోట్ల ఉండలేదు గనక. మొత్తం ఏర్పాటులో తెలివైన భాగం ఇదే. అందుకే కాబోలు దాన్ని కంపెనీ దగ్గరే భద్రంగా ఉంచుతారు. గంట అక్కడ మోగుతుంది. రైతుకు మహా అయితే 'ఈ కోడ్ ఇంతకుముందే స్కాన్ అయింది' అని ఒక వాక్యం వస్తుంది. దాన్ని ఆయన చూపిస్తే కొట్టు అబ్బాయి నవ్వుతాడు. "నేనే చేశా మామా, నీకు శ్రమెందుకని."

ఇక మొత్తానికి మొత్తం నకిలీ అయితే, అంటే డబ్బా, స్టిక్కరు, గళ్లు అన్నీ కలిపి ఒకచోటే తయారైతే, స్కాన్ చెయ్యగానే నకిలీ సైటు తెరుచుకుంటుంది. దాన్ని తక్కువ అంచనా వెయ్యకూడదు. అసలు సైటు గిరగిరా తిరుగుతూ ఉంటే ఇది చటుక్కున తెరుచుకుంటుంది. టిక్కు కూడా నిండుగా, ఇంకాస్త పచ్చగా ఉంటుంది. నమ్మించాల్సిన అవసరం వాళ్లకే ఎక్కువ కదా.

మనుషుల మందుల సంగతిలో కేంద్రం ఇంకా ముందుంది. 2023 ఆగస్టు 1 నుంచి 300 పేరున్న బ్రాండ్ల మీద బార్‌కోడ్ గాని క్యూఆర్ కోడ్ గాని తప్పనిసరి చేసింది. మందు పేరు, కంపెనీ చిరునామా, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు అన్నీ అందులో ఉండాలి. అట్ట మీద చోటు చాలకపోతే పైపెట్టె మీద వెయ్యొచ్చు. లోటు ఎంచడానికి లేదు. కనిగిరి వైపు పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ "నాలుగు బిళ్లలియ్యి నాయనా" అంటుంది. కొట్టతను కత్తెర తీసి అట్టలోంచి నాలుగు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. ఆమె చేతికి నాలుగు మాత్రలు, వాటి వెనక గడువు తేదీలో ఓ ముక్క వస్తాయి. కోడ్ పెట్టెతో సహా కొట్లోనే ఉండిపోతుంది, ఎక్కడికీ పోదు. దాన్ని ఏ నకిలీవాడూ ముట్టుకోలేడు.

మద్యానికి 2025 అక్టోబరులో రాష్ట్రం ఎక్సైజ్ సురక్ష అనే యాప్ తెచ్చింది. సీసా మీది లేబుల్‌ను స్కాన్ చేస్తే దాని వివరాలు వస్తాయి. మంచిదే. మొదటి సీసాకు చెయ్యి నిలకడగా ఉంటుంది. పొద్దుపోయాక సీసాకు ఫోను ఊగుతుంది. ఊగితే రంగులు మారతాయి గాని గళ్లు చదవవు. అప్పటికి కొన్నవాడు రంగులతోనే తృప్తిపడే స్థితిలో ఉంటాడు గనక ఫిర్యాదులు రావు.

ఇంత సాధించాక ఆగిపోవడం బాగుండదు. ఉదయగిరి కొయ్య చెంచాలున్నాయి. చుట్టుపక్కల అడవుల్లో దొరికే కలపతో చేసేవి, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినవి. వాటికి రెండు రక్షణలూ కలిపి అంటించాలంటే టీ చెంచా కాడ మీద చోటు చాలదు. కాడ వెడల్పు చెయ్యాలి. అప్పుడది గరిటె అవుతుంది. అయితే కానివ్వండి, సరుకు స్టిక్కరుకు సరిపోవాలి గాని స్టిక్కరు సరుకుకు కాదు. మొలగొలుకుల బియ్యం సంచులకూ అంటించాలి. ఆ పేరు మన చేలల్లో కంటే సంచుల మీద ఎక్కువ పండుతుంది కాబట్టి సంచిని కాపాడుకోవడమే న్యాయం.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల రైతుల్ని కూడా సంస్కరించాలి. పిల్లల్ని పొదిగించే హేచరీ నుంచి సీడు, అంటే రొయ్య పిల్లలు, ఆక్సిజన్ కొట్టిన సంచుల్లో వస్తుంది. వాళ్లు సంచి మీది పేరు చూసి ఊరుకోరు. నాలుగు పిల్లల్ని ల్యాబుకు పంపి పీసీఆర్ టెస్టు చేయిస్తారు, తెల్లమచ్చ వైరస్ ఉందేమోనని. మళ్లీ అదే లోపలికి తొంగిచూసే జబ్బు. సంచి మీద చక్కటి రేకు బిళ్ల ఒకటి అంటిస్తే ఈ అలవాటు మానిపించవచ్చు. తెల్లమచ్చ వచ్చినా కనీసం ఏ బ్యాచ్‌లో వచ్చిందో తెలుస్తుంది, చెరువు ఖాళీ చేసుకునేటప్పుడు అదో ఊరట.

వీటన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది రొట్టెల పండగ. ఏటా మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గరికి లక్షల మంది వస్తారు, స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చిస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, విదేశాల రొట్టె. ఇచ్చినవాడికి ఉద్యోగం నిజంగా వచ్చిందా? అపాయింట్‌మెంట్ ఆర్డరు ఎవరైనా చూశారా? కాంట్రాక్టు ఉద్యోగమా, పర్మినెంటా? పెళ్లి రొట్టె తీసుకెళ్లి విదేశాలు కోరుకున్నవాడి చేతిలో పెడితే బాధ్యత ఎవరిది? ఏ రికార్డూ లేదు. "ఏం రొట్టెమ్మా?" అని అడుగుతారు. "ఉద్యోగం రొట్టె నాయనా" అంటుంది ఆవిడ. కళ్లకద్దుకుని తినేస్తారు. ఇంత పెద్ద పంపిణీ ఇన్నేళ్లుగా ఒక్క సీరియల్ నంబరు లేకుండా, వట్టి నోటిమాట మీద నడుస్తుంటే అధికారులు నిద్ర ఎలా పోతున్నారో నాకు తెలియదు.

వచ్చే మొహర్రంలోపు టెండర్లు పిలవాలి. నిబంధనలు రాసే శ్రమ కూడా వాళ్లకు లేకుండా నేనే రాశాను. రేకు నీళ్లకు ఊడకూడదు, నూనెకు జారకూడదు, పొరపాటున కడుపులోకి పోతే అరగాలి. గళ్లను మాత్రం క్యూఆర్‌లో ఉన్న నాలుగు స్థాయిల్లో గట్టిదైన 'హెచ్' స్థాయిలోనే వెయ్యాలి. అందులో దాదాపు 30 శాతం పాడైనా ఫోను చదివేస్తుంది. కాబట్టి గట్టెక్కేలోపు పిల్లలు ఓ మూల కొరికినా రొట్టె అసలుదేనని తేలుతుంది. సగం తినేస్తే మాత్రం నకిలీ కిందే లెక్క.