సరిహద్దులో అణుబాంబు పడితే వరంగల్ వరికి ఏమవుతుంది?

2025 మే 7 నుంచి 10 దాకా, ఆపరేషన్ సిందూర్ నడిచిన నాలుగు రోజులూ హన్మకొండ టీకొట్ల దగ్గర తరచూ వినిపించిన మాట ఒకటుంది: "ఒక్క బాంబేస్తే పీడ పోతుంది." పహల్గాంలో అమాయకుల్ని చంపినందుకు వచ్చిన కోపం న్యాయమైనదే. కానీ ఆ మాట వెనక ఒక ధీమా ఉంది. సరిహద్దు మనకు వెయ్యి కిలోమీటర్ల పైనే, ఏం జరిగినా ఢిల్లీకో లాహోర్‌కో జరుగుతుంది, మనదాకా రాదని. ఆ ధీమాకు ఆధారం లేదు.

భారత్, పాకిస్తాన్ నగరాల మీద అణుబాంబులు పడితే ఏమవుతుందో అమెరికా శాస్త్రవేత్తల బృందం ఒకటి 2019లో లెక్కగట్టింది. బాంబుల బలాన్ని బట్టి 5 కోట్ల నుంచి 12.5 కోట్ల మంది వెంటనే చనిపోవచ్చు. తగలబడే నగరాల నుంచి 1.6 కోట్ల నుంచి 3.6 కోట్ల టన్నుల మసి పైకి లేస్తుంది. మబ్బులకన్నా పైకి చేరిన మసిని ఏ వానా కడగలేదు, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. భూమికి చేరే ఎండ 20 నుంచి 35 శాతం, వానలు 15 నుంచి 30 శాతం తగ్గుతాయి. సగటు ఉష్ణోగ్రత 2 నుంచి 5 డిగ్రీలు పడిపోతుంది. అంత మసి పైకి వెళ్లదని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్ల మాటే నిజం కావాలని నా కోరిక. కానీ కోరికను నమ్ముకుని పంట వేయలేం కదా.

నేల బాగా వేడెక్కి, సముద్రం దానికంటే చల్లగా ఉంటేనే నైరుతి రుతుపవనం బలంగా వస్తుంది. మసి కమ్మితే ముందు చల్లబడేది నేలే. ఆ తేడా తగ్గిందంటే శ్రీరాంసాగర్‌కు వరద రాదు, పాకాల, రామప్ప చెరువులు నిండవు.

యాసంగి సంగతి ఇంకా కష్టం. డిసెంబర్, జనవరి రాత్రుల్లో మన దగ్గర వరినారు చలికి ఎర్రబడి ఎదుగుదల ఆగిపోవడం రైతులందరికీ తెలుసు. పొద్దుగూకగానే నారుమడి మీద పాలిథిన్ పట్టా కప్పుతారు, తెల్లారి తీస్తారు. రాత్రి చల్లబడ్డ నీళ్లను పొద్దున్నే తీసేసి కొత్త నీళ్లు పెడతారు. పగలు ఎండ కాస్తుంది కాబట్టే ఇదంతా పనిచేస్తోంది. ఆ ఎండలోనే పావు వంతు పోతే పట్టా ఏం కాపాడుతుంది? నారు ఎలాగో బతికినా, పొట్ట దశలో చలి తగిలితే గింజ పాలు పోసుకోదు. కోత కోస్తే తాలే.

ఎరువుల మాట సరేసరి. 2025 వానాకాలంలో దిగుమతులు ఆలస్యమైనందుకే యూరియా కోసం రైతులు తెల్లవారుజాము నుంచి చెప్పులు, పాసుబుక్కులు లైన్లో పెట్టి కాపలా కాశారు. పొటాష్ దాదాపు మొత్తం బయటి నుంచే వస్తుంది. యుద్ధంలో ఓడలు ఆగితే, మిగతా దేశాలు తిండిగింజల ఎగుమతులు ఆపేస్తే, డబ్బులున్నా కొనడానికి ఏమీ ఉండదు. భారత్, పాక్ మధ్య అణుయుద్ధం జరిగితే రెండేళ్లలో ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా ఆకలితో చనిపోవచ్చని 2022లో వచ్చిన మరో అధ్యయనం హెచ్చరించింది. వాళ్లలో చాలామంది ఆ బాంబు చప్పుడు కూడా వినని వాళ్లే.

ఇక దెబ్బ హైదరాబాద్‌కే తగిలితే? కాలిన ఒళ్లతో జనం భువనగిరి, జనగామ మీదుగా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికే వస్తారు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడింది 15 కిలోటన్నుల బాంబు, ఇవాళ్టి లెక్కలో చిన్నదే. ఆ నగరంలోని 300 మంది డాక్టర్లలో 270 మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ ఏడాది చివరికి మృతులు సుమారు 1.4 లక్షలు. అంతమంది కాలిన రోగులకు సరిపడా సెలైన్, రక్తం ఏ జిల్లా ఆస్పత్రిలోనూ ఉండవు.

అణ్వాయుధం ముందుగా మనం వాడం అన్నది 2003లో మన ప్రభుత్వం ప్రకటించిన విధానం. దాన్ని సడలించాలనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తోంది. ముందుగా వాడకపోవడం పిరికితనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదన్న 1988 ఒప్పందం ప్రకారం భారత్, పాక్ రెండూ ఏటా జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. దాన్నీ ఎంత టెన్షన్‌లోనైనా వదలకూడదు. కరువుకు, వరదకు ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు వేసే వరంగల్, జగిత్యాల వ్యవసాయ పరిశోధన స్థానాలు ఎండ తగ్గితే వరి, మక్కజొన్న, పత్తి దిగుబడి ఎంత పడిపోతుందో కూడా లెక్కగట్టి, రైతులకూ ఎంపీలకూ తెలుగులో చెప్పాలి.