నాకు నేనే తండ్రిని

ఉపకార వేతనం అని పేరు పెట్టినవాడెవడో గానీ తెలిసినవాడే. ఉపకారం మనం చేయాలి, వేతనం మాత్రం అడగకూడదు. మా అమ్మాయి కాలేజీలో చేరే ఏడాది ఈ సంగతి నాకు తెలిసొచ్చింది.

నిజం చెప్పాలంటే అది నన్ను సాయం అడగలేదు. "నాన్నా, స్కాలర్‌షిప్పులకి అప్లై చేస్తున్నాను, నీ ఆదాయం కాగితాలు ఎక్కడున్నాయి?" అంది, అంతే. "కాగితాల సంగతి నాకొదిలెయ్. అసలు మొత్తం నాకొదిలెయ్" అన్నాను. మా ఆవిడ గదిలోంచి తొంగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆ ఏమీ అనకపోవడానికి అర్థం నాకు బాగానే తెలుసు. అయినా ఆగలేదు.

మొదటి వారమంతా వెతకడంతోనే సరిపోయింది. వెతికేకొద్దీ ప్రపంచంలో ఎంత చిత్రమైన దాతలున్నారో తెలిసి ముచ్చటేసింది. అమెరికాలో జునియాటా కాలేజీ అని ఒకటుంది, అక్కడ ఎడమచేతి వాటం వాళ్ళకి ప్రత్యేకంగా స్కాలర్‌షిప్పు పెట్టారు. షికాగోలోని లయోలా విశ్వవిద్యాలయంలో జోల్ప్ అనే ఇంటిపేరున్న వాళ్ళకి ఒకటి పెట్టారు. అతికించే టేపుతో పార్టీ దుస్తులు తయారుచేసేవాళ్ళకి ఒక పోటీ 2001 నుంచి నడుస్తోంది. పొడగరుల సంఘం వాళ్ళు ఇచ్చేదానికి అమ్మాయిలైతే అయిదడుగుల పది అంగుళాలు ఉండాలి. మా అమ్మాయిని గోడకి ఆనించి పెన్సిలుతో గీత గీశాను. ఏడంగుళాలు తక్కువొచ్చింది. కొలిచేటప్పుడు చెప్పులు వేసుకోకూడదట, లేకపోతే ఏదో ఒకటి చూసేవాణ్ణి.

"ఏదీ, ఎడమ చేత్తో ఓసారి నీ పేరు రాయి" అన్నాను. రాయలేదు. రాయకపోగా, నా చేతిలో పెన్సిలు లాక్కుంది.

ఇవన్నీ ఒక పట్టికలో ఎక్కించాను. మొదట్లో దానికి నాలుగే నిలువు వరుసలు: పేరు, ఎంత ఇస్తారు, చివరి తేదీ, అర్హత. మూడు రోజుల్లో పంతొమ్మిది వరుసలయ్యాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు. పెద్ద మొత్తాలకి బంగారు రంగు, చిన్నవాటికి బూడిద రంగు. బూడిద రంగు వాటికి 'చిల్లర' అని పేరు కూడా పెట్టాను. మా అమ్మాయి ఆ పట్టికని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "అర్హత వరుస ముందు నింపు నాన్నా. అది సరిపడితేనే మిగతావి" అంది. నింపాను. అరవై నాలుగు స్కాలర్‌షిప్పుల్లో ఏడు మిగిలాయి. రంగులకి పట్టిన రెండు రాత్రులూ వృథా.

మధ్యలో ఒక ఉత్తరం వచ్చింది. 'అభినందనలు! మీ అమ్మాయి ఎంపికైంది' అని. దరఖాస్తు పెట్టకుండానే ఎంపికైందంటే దాని ప్రతిభ ఎంత దూరం పాకిందో అని పొంగిపోయాను. కింద సన్నటి అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు కట్టమన్నారు. కార్డు తీశాను. మా ఆవిడ అప్పుడు మాత్రం నోరు విప్పింది. "మనకి డబ్బులిస్తామనేవాళ్ళు మనల్నెందుకు అడుగుతున్నారండీ?" అంది. కార్డు లోపల పెట్టేశాను.

సిఫార్సు లేఖల విషయంలో నేను చేసిందేమీ లేదు. చేయనివ్వలేదు. నెల ముందే మా అమ్మాయి ఇద్దరు టీచర్లని అడిగేసిందట. తను ఏయే పనులు చేసిందో ఒక పేజీలో రాసి, ఎప్పటిలోగా కావాలో కూడా చెప్పి ఇచ్చిందట. 'నేనే ఒకటి రాసి ఉంచానే' అన్నాను. అందులో మూడో పేరాలో దాని రెండో ఏట మాటల ప్రస్తావన ఉంది. తిరిగిచ్చేసింది.

ఇక వ్యాసం. 'మీరు ఎదుర్కొన్న ఒక కష్టం గురించి 500 పదాలకు మించకుండా రాయండి.' మా అమ్మాయి వేదిక మీద ఉపన్యాసం మర్చిపోయి దిగిపోయిన రోజు గురించీ, మళ్ళీ ఆ వేదిక ఎక్కడానికి తనకి పట్టిన ఏడాది గురించీ రాసింది. బాగానే ఉంది కానీ, నాకు కాస్త బోసిగా అనిపించింది. అది నిద్రపోయాక 'జీవితమనే మహాసముద్రంలో' అని మొదలుపెట్టి నాలుగు తుపాన్లు, ఒక లైట్‌హౌసు జోడించాను. 812 పదాలయ్యాయి. వెబ్‌సైటులో అతికిస్తే ఆ పెట్టె సరిగ్గా అయిదువందలో పదం దగ్గర కోసి పారేసింది. ఆఖరి వాక్యం ఇలా మిగిలింది: 'ఆ చీకటి రాత్రిలో మా నాన్నగారు నాకు'.

పొద్దున్నే చూసి, "ఈ తర్వాతేం చేశావు నాన్నా నాకు?" అంది. తను రాసిందే తిరిగి పెట్టుకుంది. మిగతా దరఖాస్తులకి కూడా అదే వ్యాసాన్ని కొద్దిగా మార్చి వాడుకుంటానంది. ఒక్కోదానికి కొత్త సముద్రం తవ్వుదామనుకున్న నాకు ఈ ఉపాయం తట్టలేదు.

ఫొటో 20 నుంచి 50 కేబీల మధ్య ఉండాలన్నారు. 51 ఉంది. కాస్త తగ్గిస్తే 19 అయింది. పెంచితే 53. అర్ధరాత్రికి 34 దగ్గర నిలబెట్టాను. ఫొటోలో ఉన్నది మనిషేనని తెలుస్తోంది, ఏ మనిషో తెలియడం లేదు.

అసలు ఘనకార్యం చివరి రోజున జరిగింది. బంగారు రంగు దానికి ఆ రాత్రి 11:59 గడువు. మా అమ్మాయి పక్క గదిలో పరీక్షకి చదువుకుంటోంది. వివరాల పేజీ ఒక్కటీ నేను నింపేస్తే దానికి అరగంట మిగులుతుంది కదా అనుకున్నాను. పేరు గడిలో ఒక్క అక్షరం కొట్టానో లేదో, బ్రౌజరు పొలోమని అన్ని గడులూ నింపేసింది. ఎంత తెలివైన యంత్రమో అని మెచ్చుకున్నాను. ఒక్క తండ్రి పేరు మాత్రం ఖాళీగా ఉంది. అది నా చేత్తో జాగ్రత్తగా నింపాను. పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరించి, సబ్మిట్ నొక్కాను.

వెంటనే ఉత్తరం వచ్చింది. 'ప్రియమైన అభ్యర్థీ, మీ వయసు 49 సంవత్సరాలు. ఈ పథకానికి గరిష్ఠ వయసు 21. అభ్యర్థి పేరు, తండ్రి పేరు ఒకటిగా ఉన్నాయి, దయచేసి సరిచూసుకోండి.'

ఆ యంత్రం నింపింది మా అమ్మాయి వివరాలు కాదు, నావి. నా పేరు, నా పుట్టినరోజు, నా ఫోన్ నంబరు, నా ఈమెయిలు. అంటే ఆ కార్యాలయం లెక్కల్లో ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళ మగ విద్యార్థి ఒకడున్నాడు. ఫొటోలో మసకగా ఒక అమ్మాయిలా ఉంటాడు. తనకి తనే తండ్రి. దిద్దుదామంటే, ఒకసారి పంపాక తాళం పడిపోయింది. గడియారం చూశాను. 12:04.

పక్క గది తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. "ఏంటి నాన్నా?" అంది పుస్తకంలోంచి తలెత్తకుండా. చెప్పాను. టైం దాటిపోయిందని చెప్పేటప్పుడు గొంతు కూడా సరిగ్గా రాలేదు. అది లేచి వచ్చి, తెర మీద ఉత్తరం రెండుసార్లు చదివింది. రెండోసారి నవ్వు ఆపుకోవడానికి చదివిందని నా అనుమానం.

"గడువు వాళ్ళ టైం ప్రకారం నాన్నా. వాళ్ళ ఆఫీసు ఉన్నచోట ఇంకా మధ్యాహ్నమే" అంది. ఆ ముక్క నా పంతొమ్మిది వరుసల్లో ఎక్కడా లేదు.

తన ఈమెయిలు నుంచి మూడు వాక్యాలు రాసింది: పొరపాటున మా నాన్నగారి వివరాలు వెళ్ళాయి, అభ్యర్థిని నేను, సరిచేసుకోవడానికి ఏం చేయాలి. నేను నాలుగో వాక్యంగా క్షమాపణ పత్రం ఒకటి జోడిద్దామన్నాను. వద్దంది. గంటన్నరలో జవాబొచ్చింది: మీ పేరుతో కొత్త ఖాతా తెరిచి మళ్ళీ పంపండి, ఇకమీదట వివరాలు విద్యార్థే స్వయంగా నింపితే మేలు. ఆ 'మేలు' అనే మాట దగ్గర మా అమ్మాయి కొంచెం గట్టిగానే చదివింది. ఇరవై నిమిషాల్లో అన్నీ నింపి, ఆ ఫొటో తీసేసి తనదే ఇంకోటి పెట్టి, పంపేసి, మళ్ళీ వెళ్ళి చదువుకుంది.

ఆ బంగారు రంగుది రాలేదు. నేను చిల్లర అని పక్కన పడేసిన బూడిద రంగు వాటిలో రెండు వచ్చాయి. వాటికి పోటీ పడ్డవాళ్ళు తక్కువట. ఒకదానికి ఏటా మార్కులు నిలబెట్టుకుంటేనే మరుసటి ఏడాది డబ్బు. ఆ కాగితం అది బల్లకి ఎదురుగా అంటించుకుంది, నన్ను ముట్టుకోవద్దంది.

నా పేరు మీదున్న పాత ఖాతా మాత్రం ఎవరూ మూసినట్టు లేదు. మొన్న పొద్దున ఉత్తరం వచ్చింది. 'ప్రియమైన విద్యార్థీ, మీ గురించి మీ ఉపాధ్యాయుల సిఫార్సు లేఖలు మాకింకా అందలేదు. వారికి వెంటనే గుర్తుచేయండి.' మా లెక్కల మాస్టారు ఇప్పుడెక్కడున్నారో. ఎక్కడున్నా, నా గురించి ఆయన ఏం రాస్తారో ఊహించుకుని, గుర్తుచేయకుండా ఊరుకున్నాను.