పేరు పెద్ద సంస్థది, సీటు చౌక సంస్థది

ఒక ఎయిర్‌బస్ ఏ320లో ముందు భాగాన్ని బిజినెస్ క్లాస్‌కు వదిలి, వెనక వరసలను కాస్త ఎడంగా వేస్తే సుమారు 150 సీట్లు పడతాయి. మధ్య తెర తీసేసి, వరసలను దగ్గరికి జరిపి అంతా ఎకానమీ చేస్తే 180 పడతాయి. ఇంజిన్లు అవే, పైలట్లు ఇద్దరే, దిగినందుకు విమానాశ్రయానికి కట్టే రుసుము దాదాపు అంతే. ఆ ఖర్చును మోయడానికి మాత్రం మరో ముప్పై మంది దొరుకుతారు. పూర్తి సేవల విమానయాన సంస్థలు దేశీయ మార్గాలను తమ చౌక అనుబంధ సంస్థలకు ఒక్కొక్కటిగా అప్పగించడం వెనక ఉన్న మొదటి లెక్క ఇది.

రెండో లెక్క గురించి యాజమాన్యాలు పెద్దగా మాట్లాడవు. అది జీతాలది. మాతృసంస్థలో ఏళ్ల తరబడి బేరమాడి సాధించుకున్న వేతన ఒప్పందాలు, పింఛన్లు ఉంటాయి. కొత్త సంస్థ పెడితే ఒప్పందం మళ్లీ మొదటి నుంచి రాసుకోవచ్చు. 2012లో స్పెయిన్ విమానయాన సంస్థ ఐబీరియాకు చౌక అనుబంధ సంస్థగా ఐబీరియా ఎక్స్‌ప్రెస్ వచ్చినప్పుడు ఐబీరియా పైలట్లు పదేపదే సమ్మెకు దిగింది అందుకే. అమెరికాలో డెల్టా, యునైటెడ్ విమానయాన సంస్థలు ‘సాంగ్’, ‘టెడ్’ అనే పేర్లతో చౌక సర్వీసులు నడిపినప్పుడు విమానాలకు కొత్త రంగులు వేశారు గానీ, పైలట్లు పాత ఒప్పందం మీదే పనిచేశారు. సాంగ్ 2006లో, టెడ్ 2009లో ఆగిపోయాయి.

గంటంపావు ప్రయాణానికి బిజినెస్ క్లాస్ అవసరమా అంటే చాలా మార్గాల్లో కాదనే అంటాను. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ 2004లో జెట్‌స్టార్‌ను మొదలుపెట్టి, విహారయాత్రికులు ఎక్కువగా వెళ్లే మార్గాలను దానికిచ్చింది. వ్యాపార ప్రయాణికులు తిరిగే సిడ్నీ–మెల్‌బోర్న్ వంటి మార్గాల్లో తన విమానాలను ఉంచుకుంది. ఎవరికి ఏది కావాలో చూసి చేసిన విభజన అది. అలాంటి విభజన మీద నాకు ఫిర్యాదు లేదు.

నా అభ్యంతరమంతా టికెట్ అమ్మే తీరు మీదే. ఖండాంతర ప్రయాణానికి పెద్ద సంస్థ పేరు చూసి టికెట్ కొంటాం. పైన ఆ సంస్థ చిహ్నం ఉంటుంది, విమానం నంబరు కూడా దానిదే. రెండో అంచె, అంటే దిగాక ఎక్కే దేశీయ విమానం, వివరాల కింద, చదవాలంటే కళ్లు చిట్లించాల్సినంత చిన్న అక్షరాల్లో, ఈ విమానాన్ని ఫలానా సంస్థ నడుపుతుందని ఒక వాక్యం కనిపిస్తుంది. పన్నెండు గంటలు ఎగిరి దిగి, తర్వాతి విమానం ఎక్కాక మోకాళ్లు ముందు సీటుకు తగిలినప్పుడు గానీ ఆ వాక్యం అర్థం కాదు. వెంట పెద్దవాళ్లుంటే, మంచినీళ్ల సీసా కూడా కొనుక్కోవాల్సి వస్తే, మోసపోయామన్న భావన కలగడం సహజం. కొన్నది ఒకటి, చేతికొచ్చింది మరొకటి.

ఈ గందరగోళం సంస్థలకూ మంచిది కాదు. జెట్ ఎయిర్‌వేస్ ఒక దశలో జెట్‌లైట్, జెట్ కనెక్ట్ అంటూ మూడు పేర్లతో తిరిగింది. భోజనం టికెట్‌తో వస్తుందో, డబ్బిచ్చి కొనుక్కోవాలో ఎక్కేవాళ్లకు తెలిసేది కాదు. 2014లో అన్నిటినీ మళ్లీ ఒకే పూర్తి సేవల పేరు కిందికి తెచ్చారు. థాయ్ ఎయిర్‌వేస్ కూడా దేశీయ మార్గాలను చాలావరకు థాయ్ స్మైల్‌కు అప్పగించి, 2023 చివరికల్లా ఆ సంస్థనే తనలో కలిపేసుకుంది. దూరప్రయాణికుణ్ని ఇంటి దగ్గర నుంచి తీసుకొచ్చేది దేశీయ విమానమే. చాలామందికి ఒక సంస్థ మీద నమ్మకం కుదిరేదీ, చెదిరేదీ ఆ చిన్న ప్రయాణంలోనే. అందుకే దాన్ని కేవలం ఖర్చుల పద్దుగా చూడటం పొరపాటని నా అభిప్రాయం.

సరిదిద్దడం అసాధ్యమేమీ కాదు. అమెరికాకు రాకపోకలు సాగించే ప్రయాణాల్లో ఒకే టికెట్ మీద ఎన్ని విమానాలు మారినా లగేజీకి ఒకటే నియమం వర్తించాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. మిగతా దేశాల నియంత్రణ సంస్థలూ ఆ పని చేయవచ్చు. విమానం ఎవరు నడుపుతారో చెప్పే వాక్యాన్ని ధర పక్కనే, ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంత పెద్దగా వేయించాలి. టికెట్ అమ్మిన తర్వాత మార్గాన్ని చౌక సంస్థకు మారిస్తే, వద్దన్నవారికి ఒక్క రూపాయి కోత లేకుండా డబ్బు వెనక్కివ్వాలి. ఇష్టపడి ఎక్కేవారికి, కోల్పోయిన సేవల మేరకు ధర తగ్గించాలి.