పిల్లల తగువులకు క్లాసు పెద్దలకే కావాలి

ఆంధ్రప్రదేశ్‌లో అమ్మ ఒడి పథకం ఉన్నప్పుడు తల్లికి ఎంతమంది పిల్లలున్నా సాయం ఒక్కరికే వచ్చేది. 2025 జూన్‌లో డబ్బు జమ మొదలైన తల్లికి వందనం బడికెళ్లే ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకుంటోంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉంటారన్న సంగతి డబ్బు విషయంలో సర్కారుకు పట్టింది. మిగతా విషయాల్లో ఇంకా పట్టలేదు. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతటా బడుల్లో పెద్ద ఎత్తున తల్లిదండ్రుల సమావేశాలు జరిపారు. అంతమంది అమ్మానాన్నలు ఒకే రోజు బడికి రావడం మామూలు విషయం కాదు. తోబుట్టువుల మధ్య సంబంధాల గురించి కుటుంబాలకు ఒక శిక్షణ పెట్టాలంటే మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

అయితే అలాంటి శిక్షణ అనగానే మనవాళ్లకు తట్టేది రామలక్ష్మణుల కథ, రాఖీ కట్టించడం, 'కలిసి ఉంటే కలదు సుఖం' అని పిల్లలతో వల్లె వేయించడం. పిల్లలు బుద్ధిగా తల ఊపుతారు, ఇంటికెళ్లి రిమోట్ కోసం మళ్లీ జుట్లు పట్టుకుంటారు. నా ఉద్దేశంలో ఈ క్లాసులో ముందు వరుసలో కూర్చోవాల్సింది పిల్లలు కాదు, తీర్పులు చెప్పే పెద్దలు.

మన ఇళ్లలో తీర్పులు రెండే రకాలు. 'పెద్దదానివి, నువ్వే సర్దుకో' అనేది మొదటిది. 'ఇద్దరూ నోరు మూసుకోండి' అంటూ చెరొకటి వేయడం రెండోది. మొదటి దానితో చిన్నవాడికి ఏడిస్తే పని జరుగుతుందని అర్థమవుతుంది. రెండో దానితో ఎవరి మాటా ఎవరూ వినరని ఇద్దరికీ అర్థమవుతుంది. జూలీ స్మిత్, హిల్డీ రాస్ అనే పరిశోధకులు 2007లో ఇంకో దారి చూపించారు. అయిదు నుంచి పదేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులకు తీర్పు చెప్పడం మానేసి మధ్యవర్తిగా ఉండటం నేర్పారు. అరవకూడదు, మధ్యలో అడ్డుపడకూడదు అని ముందే చెప్పాలి. గొడవ అసలు దేని గురించో తేల్చాలి. ఒకరి బాధను రెండోవారి నోటితో చెప్పించాలి. దారి వాళ్లనే వెతకమనాలి. ఆ ఇళ్లలో పిల్లలు ఎదుటివారి వైపు నుంచి ఆలోచించడం, రాజీకి రావడం పెరిగింది.

ఇందులో కష్టమైనది మూడోది. 'అక్క ఎందుకు ఏడుస్తోందో నువ్వు చెప్పు' అని తమ్ముణ్ని అడిగితే మొదట 'నాటకాలు' అంటాడు. అప్పుడు వాడిని కసరకుండా మళ్లీ అడగడం తల్లికి అలవాటు కావాలి. స్టవ్ మీద కూర మాడుతుంటే ఇదంతా ఎక్కడ కుదురుతుంది అని ఎవరైనా అడుగుతారు, న్యాయమే. అన్ని గొడవలకూ అక్కర్లేదు, రోజూ రిపీట్ అయ్యే ఒక్క గొడవకు చాలు. క్లాసులో ఉపన్యాసం కన్నా ఆ గొడవనే తల్లిదండ్రుల చేత నటింపజేయాలి. నాన్న తమ్ముడి వేషం వేస్తే విషయం తొందరగా బోధపడుతుంది.

దీనికన్నా లోతైన సమస్య ఇంకోటి ఉంది. మన పిల్లల గొడవల్లో చాలావరకు పెన్సిల్ గురించి కావు, వాటా గురించి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి పిల్లల జీవితాలను వెంబడించిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో, ప్రైవేటు బడికి పంపడంలో ఆడపిల్లల కన్నా మగపిల్లలకే ఎక్కువ అవకాశం దక్కుతోందని తేలింది. అక్క గవర్నమెంటు బడికి నడిచి వెళ్తుంటే తమ్ముడు పసుపు బస్సెక్కే ఇంట్లో, ఇద్దరూ ప్రేమగా ఉండాలని పాఠం చెప్పడం ఎగతాళిలా ఉంటుంది. తేడా చూపించిన ప్రతిసారీ పిల్లల మధ్య చెడుతుందని కాదు. అమాండా కోవల్, లారీ క్రేమర్ 1997లో ప్రచురించిన పరిశోధనలో, తేడాకు సరైన కారణం ఉందని పిల్లలకు అనిపిస్తే దాన్ని చాలావరకు న్యాయంగానే తీసుకున్నారు. కాబట్టి శిక్షణలో ఒక పూట మొత్తం దీనికే ఇవ్వాలి. ఇంట్లో ఎవరికి ఏమిస్తున్నాం, గిన్నెలు ఎవరు కడుగుతున్నారు, ఎవరి ఫీజు ఎంత అని తల్లిదండ్రులు కాగితం మీద రాయాలి. ఆ పక్కనే కారణం రాయాలి. పిల్లలకు పైకి చెప్పలేని కారణం ఏదైనా కనిపిస్తే, మార్చాల్సింది ఆ తేడానే.

చెప్పకుండా దాచిన ఇలాంటి తేడాలే పాతికేళ్ల తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులో బయటపడతాయి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని వారికే. కేంద్ర చట్టం 2005లో మారింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని స్పష్టం చేసింది. అయినా పుట్టింటితో సంబంధం తెగిపోతుందేమోనన్న భయంతో హక్కు వదులుకుంటూ సంతకం పెట్టే ఆడపడుచులు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లీడు పిల్లలున్న కుటుంబాలకు పెట్టే క్లాసులో ఈ విషయం దాటవేస్తే మిగతాదంతా పైపూతే.

అన్ని గొడవలనూ రాజీతో తేల్చమని కూడా చెప్పకూడదు. ఎప్పుడూ ఒకరే కొట్టడం, ఎప్పుడూ ఒకరే భయపడటం జరుగుతుంటే అది తగువు కాదు, హింస. అక్కడ మధ్యవర్తిత్వం పెడితే దెబ్బలు తిన్న బిడ్డనే మళ్లీ సర్దుకోమన్నట్టు అవుతుంది. ఆ తేడా శిక్షకులకు తెలియాలి, ఆపదలో ఉన్న పిల్లలు సాయం అడిగే 1098 ఫోన్ నంబరు పిల్లలందరికీ తెలియాలి.

అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 174 కుటుంబాలతో చేసిన ప్రయోగంలో బడి అయ్యాక 12 క్లాసులు, 3 కుటుంబ సాయంత్రాలు పెట్టారు. పిల్లల మధ్య సఖ్యతే కాదు, తల్లుల్లో డిప్రెషన్ కూడా తగ్గింది. కూలికెళ్లే ఇళ్లకు అన్ని క్లాసులు కుదరవు. నాలుగైదు సాయంత్రాలు, అవీ వరి నాట్లు, కోతలు లేని రోజుల్లో పెట్టాలి. పొదుపు సంఘాల ద్వారా పిలిస్తే తల్లులు వస్తారు. నాన్నలు రారు, నానమ్మలను ఎవరూ పిలవరు. మనవడికి చాటుగా మీగడ వేసేది నానమ్మే కాబట్టి ఆమెకూ ఒక కుర్చీ వేయాల్సిందే.

ఫలితాన్ని గొడవల సంఖ్యతో కొలవొద్దు. గొడవలు లేని ఇల్లంటే ఒకరు పూర్తిగా లొంగిపోయిన ఇల్లు కూడా కావచ్చు. ఆరు నెలల తర్వాత పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి, 'మీ ఇంట్లో నీ మాట వింటున్నారా?' అని అడగాలి. ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టి చూడాలి.