పనిచేయని మందుకు పద్దెనిమిదేళ్ల గడువా?

గర్భస్రావాన్ని ఆపుతుందని చెప్పి లక్షలాది అమెరికన్ గర్భిణులకు ఇచ్చిన కృత్రిమ ఈస్ట్రోజన్ (స్త్రీ హార్మోను) డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ కథ 1971తో ముగిసిందనుకునే వారు ఇంకా ఉన్నారు. అది ముగియలేదు. డీఈఎస్‌గా పేరుపడిన ఆ మాత్రలు మింగిన తల్లులకు పుట్టిన ఆడపిల్లలు నేడు యాభై దాటి, డెబ్భై దాటి, తల్లి గర్భంలో ఉండగా సోకిన మందు ఫలితాలను అనుభవిస్తూనే ఉన్నారు. అది హాని చేసిందన్నది అందరికీ తెలిసిన సంగతే. పనిచేయదని తేలిన తరువాత కూడా దాన్ని పద్దెనిమిదేళ్లపాటు ఎందుకు రాశారన్నదే మా ప్రశ్న. అదే తప్పు వేరే పేర్లతో మళ్లీ జరుగుతున్నందువల్ల ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

1938లో బ్రిటన్‌లో రూపొందిన ఈ రసాయనానికి పేటెంటు లేకపోవడంతో రెండు వందలకు పైగా కంపెనీలు దాన్ని తయారుచేశాయి. గర్భిణులకు వాడేందుకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1947లో అనుమతించింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయ వైద్యులు 1,646 మంది గర్భిణులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి డీఈఎస్, రెండో వర్గానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, గర్భం నిలపడంలో ఆ మందు వల్ల ఒరిగిందేమీ లేదని తేలింది. వ్యవహారం అక్కడితో ఆగిపోవలసింది. ఆగకపోగా, గర్భిణులందరూ వాడదగ్గదని, బిడ్డలు మరింత బలంగా, బొద్దుగా పుడతారని 1957లో ఒక కంపెనీ ప్రకటన ఇచ్చింది. 1959లో కోడిమాంసంలో ఈ మందు అవశేషాలు కనిపిస్తే కోళ్ల పెంపకంలో దాని వాడకాన్ని అమెరికా ప్రభుత్వం ఆపించింది. గర్భిణులకు మాత్రం మరో పన్నెండేళ్లు రాస్తూనే ఉన్నారు. కోడిమాంసం తినేవారి విషయంలో చూపిన జాగ్రత్త కడుపులోని బిడ్డ విషయంలో ఎందుకు లేకపోయిందో ఆ నియంత్రణ సంస్థే చెప్పాలి.

గర్భిణులకు ఇచ్చిన మరో మందు థాలిడోమైడ్ చేసిన హాని బిడ్డ పుట్టగానే కంటికి కనిపించింది. డీఈఎస్ బిడ్డలు ఆరోగ్యంగానే పుట్టారు, ఆరోగ్యంగానే పెరిగారు. యోనిలో అత్యంత అరుదుగా వచ్చే ఒక రకం క్యాన్సర్ యువతుల్లో వరుసగా కనిపించడంతో బోస్టన్ వైద్యులు ఆరా తీశారు. ఎనిమిది మంది రోగుల్లో ఏడుగురి తల్లులు గర్భిణులుగా ఉన్నప్పుడు ఈ మందు వాడారని, పోల్చి చూసిన 32 మంది తల్లుల్లో ఒక్కరూ వాడలేదని 1971లో వెల్లడించారు. గర్భిణులకు ఇవ్వవద్దని ఔషధ నియంత్రణ సంస్థ ఆ ఏడాది నవంబరులో గానీ చెప్పలేదు.

క్యాన్సర్ దాదాపు వెయ్యి మంది కూతుళ్లలో ఒకరికే వచ్చింది. మిగిలిన దెబ్బ అంతకన్నా విస్తృతమైనది. పిండంలో గర్భాశయం రూపుదిద్దుకునే దశలోనే మందు అడ్డుపడటంతో చాలామందికి అది వంకర ఆకృతిలో ఏర్పడింది. 2011లో వెలువడిన దీర్ఘకాలిక అధ్యయనం ప్రకారం సంతానలేమి ఈ కూతుళ్లలో 33 శాతం, ఇతరుల్లో 15 శాతం. నెలలు నిండకుండా ప్రసవించే ముప్పు 53 శాతం, ఇతరుల్లో 18 శాతం. నలభై దాటాక రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపు. కొడుకుల్లో వృషణ లోపాలు కనిపించాయి. బిడ్డ నిలవాలన్న ఆశతో తల్లి మింగిన మాత్ర కూతురి కడుపు పండకుండా చేసింది.

నాటి వైద్యులు మంచి ఉద్దేశంతోనే రాశారని, నేటి విజ్ఞానంతో నిన్నటివారిని తప్పుపట్టరాదని కొందరంటారు. ఈ వాదన 1947కు వర్తిస్తుందేమో గానీ 1953 తరువాతి కాలానికి వర్తించదు. ప్రయోజనమే లేని మందుకు ఎంత చిన్న ముప్పయినా ఎక్కువే. పనిచేయదన్న రుజువు చేతిలో ఉండగా, హాని చేస్తుందన్న రుజువు కోసం ఎదురుచూడటం గర్భిణులపై సాగిన ప్రయోగమే.

మన దేశానికీ ఈ పాపంలో వాటా ఉంది. గర్భనిర్ధారణ పేరిట విచ్చలవిడిగా అమ్మిన అధిక మోతాదు ఈస్ట్రోజన్-ప్రొజెస్టిరోన్ మాత్రలను 1982లో నిషేధిస్తే కంపెనీలు హైకోర్టులకెక్కి స్టే తెచ్చుకున్నాయి. నిషేధం నిలబడేసరికి 1988 వచ్చింది. నెలలు నిండని కాన్పులను ఆపుతుందన్న హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ కాప్రోయేట్ ఇంజెక్షన్‌దీ అదే వరస. ఫలితం లేదని పెద్ద పరీక్షలో 2019లో తేలితే, అమెరికా అనుమతి ఉపసంహరించుకున్నది 2023లో. దాన్ని దశాబ్దాల క్రితం వాడిన తల్లుల బిడ్డల్లో క్యాన్సర్ ముప్పు ఎక్కువని 2021లో కాలిఫోర్నియా అధ్యయనం సూచించింది. ఆ ముప్పు నిర్ధారణ కాకపోయినా తోసిపుచ్చలేమంటూ యూరప్ 2024లో దాని అమ్మకాలను నిలిపివేసింది.

ఈ ఇంజెక్షన్ మన దేశంలోనూ ఏళ్లుగా వాడుకలో ఉన్నదే. గర్భిణులు భయపడి వైద్యుల సలహా లేకుండా ఏ చికిత్సనూ మానుకోకూడదు. ఎవరికి, ఎందుకు, ఏ ఆధారంతో ఇస్తున్నారో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ తేటతెల్లంగా ప్రజల ముందుంచాలి. డీఈఎస్ కూతుళ్లు కోర్టుకెళితే తల్లి వాడింది ఏ కంపెనీ మాత్రో చెప్పలేకపోయారు, చీటీలు ఏనాడో పోయాయి. మాతాశిశు సంరక్షణ కార్డులో గర్భిణికిచ్చిన ప్రతి హార్మోను మందు పేరు, మోతాదు, తయారీదారు తప్పనిసరిగా రాయాలని ఆదేశించడానికి కొత్త పరిశోధన ఏదీ అక్కరలేదు. ఆ ఒక్క వాక్యం రాయడానికి కూడా అధికారులకు పద్దెనిమిదేళ్లు కావాలా?